కోదోమాలి వయసెంత?

రాయ్‌పూర్‌కు దక్షిణాన, ఒడిశా సరిహద్దుకు దగ్గర్లో కోదోమాలి అనే ఊరుంది. ఆ ఊరి దగ్గర భూమిలోకి నిలువునా దిగిపోయిన రాతి గొట్టం ఒకటుంది. ఒకప్పుడు అది అగ్నిపర్వతం గొంతు. దాని వయసు 49 కోట్ల ఏళ్లని 2007లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. మూడేళ్లు గడిచాయో లేదో, 2010లో మరో పత్రం వచ్చి, కాదు, దాదాపు 6.2 కోట్ల ఏళ్లేనంది. సైన్సులో లెక్కలు మారడం కొత్తేమీ కాదు. ఇక్కడ ముచ్చటేమిటంటే రెండు పత్రాల మీదా మూడు పేర్లు ఉమ్మడిగా ఉన్నాయి: ఎన్.వి. చలపతిరావు, మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన రే బర్జెస్, రాయ్‌పూర్‌లో రాష్ట్ర భూగర్భ, ఖనిజ శాఖలో పనిచేసిన దత్తా మైన్‌కర్. అంటే ఎవరో వచ్చి వీళ్ల తప్పు పట్టలేదు. తాము అచ్చు వేయించిన మాటను తామే వెనక్కి తీసుకున్నారు. అగ్నిపర్వతాల శాస్త్రవేత్త బతుకు ఎలా ఉంటుందో చెప్పాలంటే, నిప్పులు కక్కే కొండ అంచున వెండి రంగు కోటు తొడుక్కుని నిలబడ్డ మనిషి ఫొటో కన్నా ఈ రెండు పత్రాలే నాకు ఎక్కువ పనికొస్తాయి.

రాయ్‌పూర్ నుంచి అభన్‌పూర్, మహానది ఒడ్డున రాజిమ్, గరియాబంద్ దాటి దేవ్‌భోగ్ దాకా పోయే జాతీయ రహదారి మీద మైన్‌పూర్ వస్తుంది. చుట్టూ గుగ్గిలం చెట్ల అడవులు, అటుపక్క ఉదంతి అభయారణ్యం. ఈ ప్రాంతంలో వజ్రాలున్న కింబర్లైట్ రాయి దొరికిందని న్యూలే, పాషినే అనే ఇద్దరు భూగర్భ శాస్త్రజ్ఞులు 1993లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమే లేదు. ఈ ఊళ్లన్నీ మధ్యప్రదేశ్‌లోని రాయ్‌పూర్ జిల్లాలో ఉండేవి. 2012లో గరియాబంద్ విడి జిల్లా అయింది. బెహ్రాడీహ్, పాయలీఖండ్, కోదోమాలి అన్న పేర్లు ఇప్పుడు ప్రపంచంలో వజ్రాల రాళ్ల మీద పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. రాయ్‌పూర్ బజారులో అడిగితే మాత్రం చాలామందికి పాయలీఖండ్ ఒక్కటే తెలుస్తుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కింబర్లైట్ పేలుడును చూసిన మనిషి లేడు. మనకు తెలిసినవాటిలో బాగా చిన్న వయసున్నవి టాంజానియాలోని ఇగ్విసి కొండలు. అవి పేలి పదివేల ఏళ్లు దాటి ఉండవచ్చు. కాబట్టి అది ఎలా పేలుతుందో మిగిలిన రాయిని బట్టి ఊహించుకోవాల్సిందే. మామూలు అగ్నిపర్వతం కింద శిలాద్రవం కొన్ని కిలోమీటర్ల లోతులో మడుగు కట్టి ఉంటుంది. కింబర్లైట్ అలా ఎక్కడా ఆగదు. 150 కిలోమీటర్లకు మించిన లోతులో పుట్టి, బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి నింపుకొని, సందు దొరికిన చోటల్లా రాతిని చీల్చుకుంటూ గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో పైకి వచ్చేస్తుంది. పైకొచ్చే కొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, లోపల కరిగి ఉన్న వాయువు ఒక్కసారిగా బయటపడుతుంది. గోలీసోడా గోలీని నొక్కితే జరిగేది అదే. నేల బద్దలై, పైన వెడల్పుగా, కిందకు పోయేకొద్దీ సన్నంగా గొట్టం ఏర్పడుతుంది. దారిలో తగిలిన రాళ్ల ముక్కలన్నీ అందులో ఇరుక్కుపోతాయి. వజ్రాలు ఆ ముక్కల్లో ఒక భాగం మాత్రమే. అవి కింబర్లైట్‌లో పుట్టవు, ఎక్కి వస్తాయి. వేగం తగ్గి దారిలో ఆలస్యమైతే వజ్రం గ్రాఫైట్‌గా మారిపోతుంది, లేదా కరిగిపోతుంది. ఆ తొందరే వజ్రాన్ని కాపాడుతుంది.

చలపతిరావు చదువు తెలుగు నేల మీది రాళ్లతోనే మొదలైంది. అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల ఉన్న కింబర్లైట్లు, కడప బేసిన్‌లోనూ దాని చుట్టూనూ ఉన్న లాంప్రోయిట్లు, వాటికి దగ్గరి చుట్టాలైన ఇతర శిలలు పట్టుకుని 1990లలో కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేశారు. ఆ గొట్టాల్లో చాలావాటి వయసు 110 కోట్ల ఏళ్ల దాపున తేలింది. తర్వాత ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. జర్మనీలోని క్లౌస్టాల్‌లో బెర్న్‌డ్ లేమాన్‌తో కలిసి పనిచేశారు. ఈమధ్య తిరువనంతపురంలోని జాతీయ భూవిజ్ఞాన అధ్యయన కేంద్రానికి డైరెక్టర్ అయ్యారు. ఇంత ప్రయాణంలోనూ చేతిలో ఉన్నది ఒకే రకం రాయి. అనంతపురం నుంచి మైన్‌పూర్‌కు వస్తే అదే జాతి రాయి అనిపించింది, అదే కాలానిదేమో అనుకోవడానికి ఆస్కారమూ ఉంది. అదే కాలానిది కాదు. ఎంత కాదో తేలడానికి రెండు పత్రాలు పట్టింది.

మొదటిసారి ఎక్కడ దెబ్బతిన్నారో చెప్పాలంటే కొంచెం గడియారం లోపలికి వెళ్లాలి. పొటాషియంలో ఒక రకం చాలా మెల్లగా తరిగిపోతూ, అందులో కొంత ఆర్గాన్ వాయువుగా మారుతుంది. సగం తరగడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది. రాయి కరిగి ఉన్నంతసేపు ఆ వాయువు ఎగిరిపోతుంది, గట్టిపడ్డాక చిక్కుకుంటుంది. అందువల్ల ఎంత ఆర్గాన్ పోగైందో కొలిస్తే గట్టిపడి ఎన్నాళ్లైందో తెలుస్తుంది. కింబర్లైట్‌లో ఫ్లోగోపైట్ అనే అభ్రకం దండిగా ఉంటుంది, అందులో పొటాషియం ఉంటుంది. అంతా బాగానే ఉంది. కానీ కింబర్లైట్ పాత ముక్కలను మోసుకొచ్చే రాయి కదా. లోతుల్లో ఎప్పటినుంచో ఉన్న అభ్రకపు పలుకులు, వాటిలో ఎప్పటిదో పాత ఆర్గాన్, శిలాద్రవంతోపాటు పైకి వచ్చేస్తే, గడియారం సున్నా నుంచి మొదలవదు. రాయి తన వయసుకన్నా ఎంతో ముసలిదిగా కనిపిస్తుంది. ఈ పద్ధతి వాడేవాళ్లందరికీ తెలిసిన ఉచ్చు ఇది. తెలిసినా పడతారు.

2010 నాటి బృందంలో లేమాన్, కెనడా నుంచి లారీ హీమన్ వంటివారు చేరారు. ఈసారి ఆర్గాన్ ఒక్కదాన్నే నమ్ముకోలేదు, పెరోవ్‌స్కైట్ అనే చిన్న ఖనిజాన్ని కూడా పట్టారు. అది కింబర్లైట్ ద్రవంలోనే స్ఫటికంగా ఏర్పడుతుంది, లోతుల నుంచి వలస వచ్చినది కాదు. అందులోని యురేనియం సీసంగా మారే లెక్క శిలాద్రవం సొంత లెక్క. బెహ్రాడీహ్ గొట్టం వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్లని వచ్చింది. వేరే ఖనిజం, వేరే మూలకం, వేరే ప్రయోగశాల కలిసి ఒకే మాట చెప్పాయి.

6.5 కోట్లంటే ఊరికే ఒక అంకె కాదు. పడమటి భారతం మీద దక్కన్ లావా పొంగి పొర్లిన కాలం అది. ఇప్పటికి మిగిలిందే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో కంకర కొట్టే నల్లరాయి కూడా అదే లావా అని, వేయి కిలోమీటర్లు పారి గోదావరి ముఖద్వారం దాకా వచ్చిందని ఒక బలమైన వాదన ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ లావా సర్గుజా జిల్లా మైన్‌పాట్ పీఠభూమి మీద కనిపిస్తుంది. దాని నెత్తిన బాక్సైట్ తవ్వుతారు. అంటే అటు లావా వరదలై పారుతున్న రోజుల్లోనే, ఇటు మైన్‌పూర్ దగ్గరి పాత నేలను పొడుచుకుని వజ్రాల గొట్టాలు పేలాయి. వజ్రం నిలవాలంటే నేల పైపెంకు కింద కనీసం 150 కిలోమీటర్ల మందంలో చల్లని, గట్టి వేరు ఉండాలి. ఈనాడు భూకంప తరంగాలతో చూస్తే ఆ ప్రాంతం కింద అంత మందం కనిపించడం లేదు. 6.5 కోట్ల ఏళ్ల కిందట ఉన్నది తర్వాత ఎక్కడికి పోయింది? దక్కన్ వేడికి అడుగు నుంచి అరిగిపోయిందన్నది ఆ బృందం ఊహ. ఒక గొట్టం పుట్టినరోజు సరిచేస్తే ఖండం అడుగు మందం గురించి మాట్లాడాల్సి వచ్చింది. 49 కోట్లే నిజమై ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

అదే 2007లో రాయ్‌పూర్ వైపు రాళ్లకు ఎదురు దిశలో మరో దిద్దుబాటు జరిగింది. రాయ్‌పూర్ నగరం కూర్చున్నది ఛత్తీస్‌గఢ్ బేసిన్ సున్నపురాళ్ల మీద. తిల్దా, భాటాపారా, బలౌదాబజార్ సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకు అదే. పాత ఇళ్లలో పరిచిన ఫర్సీ బండలు కూడా ఈ పొరలవే. ఒకప్పటి లోతు తక్కువైన సముద్రం అడుగున పేరుకున్న మట్టి, ఇసుక, సున్నం ఇవి. శిలాజాలు దాదాపు లేవు కాబట్టి వయసు చెప్పడం కష్టం. పై పొరలు 50, 60 కోట్ల ఏళ్లవి అయి ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. బేసిన్ పై పొరల్లో సుఖ్దా అనే చోట ఒక టఫ్ ఉంది. టఫ్ అంటే అగ్నిపర్వతపు బూడిద పడి, గట్టిపడి రాయైనది. సర్బాని పాత్రనబిస్-దేబ్, అమెరికాకు చెందిన ఎం.ఇ. బిక్‌ఫర్డ్, అభిజిత్ బసు, మరికొందరు ఆ బూడిదలోని జిర్కాన్ పలుకులను ఏరి కొలిస్తే 100 కోట్ల ఏళ్లని వచ్చింది. ఒక్క దెబ్బకు 50 కోట్ల ఏళ్ల తేడా. పత్రం శీర్షికలోనే ఆ మాట రాసుకున్నారు. ఒక పక్క 49 కోట్లు 6 కోట్లయింది, మరోపక్క 50 కోట్లు 100 కోట్లయింది. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ల మీద జాలేస్తుంది.

ఆ బూడిద కక్కిన కొండ ఇప్పుడు కొండగా లేదు. రాయ్‌పూర్ కింద అగ్నిపర్వతం లేదు, కానీ సున్నపురాయి, ఇసుకరాయి పొరల మధ్య అగ్నిపర్వతాలు వదిలి వెళ్లిన బూడిద ఉంది. ఇంకా దక్షిణంగా జగదల్‌పూర్ దగ్గర తోకాపాల్‌లో అయితే కింబర్లైట్ నోరే మిగిలింది. మైన్‌కర్, లేమాన్, స్టీఫెన్ హాగర్టీ 2004లో దాన్ని వివరించారు. మామూలుగా ఈ గొట్టాల పైభాగం ఏనాడో కొట్టుకుపోతుంది. తోకాపాల్‌లో ఇంద్రావతి బేసిన్ మట్టి కప్పేయడం వల్ల నోటి దగ్గర పడ్డ బూడిద, రాళ్లు అలాగే ఉన్నాయి. చాలా పెద్దది. వజ్రాలు మాత్రం లేవు. అందుకే దాని పేరు వార్తల్లో వినపడదు.

ఇప్పుడు పాయలీఖండ్ దగ్గరికి వద్దాం. ‘కరెంట్ సైన్స్’ పత్రిక మైన్‌పూర్ అడవుల్లో ఎవరూ చందా కట్టి తెప్పించుకోరు. అయినా వజ్రాల కబురు ఆ ఊళ్లకు త్వరగానే చేరింది. పలుగు పార పట్టుకుని జనం తవ్వడం మొదలుపెట్టారు. రాత్రిళ్లు తవ్వి, మట్టి కడిగి, దొరికింది దళారులకు అమ్మారు. తవ్వకాల హక్కుల మీద కేసు ఏళ్ల తరబడి కోర్టులో సాగింది. పద్ధతి ప్రకారం గని మొదలుకాలేదు, దొంగచాటు తవ్వకం ఆగలేదు. వజ్రాలతో పట్టుబడ్డవాళ్ల వార్తలు గరియాబంద్ పోలీసుల నుంచి వస్తూనే ఉంటాయి. తెలుగు పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లోకి పక్క జిల్లాల నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చి, తలలు వంచుకుని నడవడం ఏటా చూసేదే. అక్కడ వెతికేది వాన కడిగిన చేను పైమట్టిలో, ఇక్కడ తవ్వేది గొట్టాన్నే.

భూమి గురించి శాస్త్రవేత్త చెప్పిన మాటను జనం ఇంత తొందరగా అందుకున్న సందర్భాలు తక్కువ. ‘ఇక్కడ ప్రమాదం ఉంది’ అని చెప్పినప్పుడు ఎందుకు ఇలా కదలరు?

కొలంబియాలో నెవాడో దెల్ రూయిజ్ మంచు కప్పుకున్న అగ్నిపర్వతం. 1985 అక్టోబరు 7న శాస్త్రవేత్తలు ప్రమాద పటం తయారుచేసి ఇచ్చారు. అర్మేరో పట్టణం బురద వరద దారిలో ఉందని ఆ పటంలో స్పష్టంగా ఉంది. నవంబరు 13 మధ్యాహ్నం ఊరి మీద బూడిద రాలింది. ఇళ్లలోనే ఉండండి, భయపడకండి అని రేడియో చెప్పింది. రాత్రి 9 గంటలు దాటాక కొండ పేలింది. చిన్న పేలుడే. కరిగిన మంచు, బూడిద, రాళ్లు కలిసిన లహార్ రెండున్నర గంటల తర్వాత అర్మేరోను చేరింది. మొత్తం మీద దాదాపు 23,000 మంది పోయారు. రెండున్నర గంటలు! ఊరి పక్కన గుట్టలున్నాయి, నడిచి ఎక్కినా బతికేవారు. శాస్త్రం తప్పలేదు, పటం తప్పలేదు. కానీ ఎవరు, ఎప్పుడు, ఏ దారిన, ఎవరి ఆర్డరు మీద వెళ్లాలో పటం మీద లేదు. మొన్నటి దాకా నిశ్చింతగా ఉన్న మనిషికి ‘సంభావ్యత’ అని చెప్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పాయలీఖండ్ కబురులో సంభావ్యత లేదు. ఫలానా చోట తవ్వు అని ఉంది, అంతే. రెండింటికీ తేడా జనం తెలివిలో కాదు, చెప్పిన తీరులో ఉందని నేననుకుంటాను. ఆశ, భయం అన్న తేడా కూడా ఉంది, కాదనను. కానీ అది మన చేతిలో లేదు, చెప్పే తీరు మన చేతిలోనే ఉంది.

ఆరేళ్ల తర్వాత ఫిలిప్పీన్స్‌లో ఆ తీరు మారింది. పినటూబో కొండ 1991 వసంతంలో ఆవిర్లు కక్కడం మొదలుపెట్టింది. రేమండో పునొంగ్‌బయాన్ నాయకత్వంలోని అక్కడి అగ్నిపర్వత అధ్యయన సంస్థ, అమెరికా భూగర్భ సర్వే కలిసి 5 మెట్ల హెచ్చరిక పద్ధతి పెట్టాయి. మెట్టు మారితే ఎన్ని కిలోమీటర్ల లోపు వాళ్లు ఖాళీ చేయాలో కూడా చెప్పారు. అధికారులకు ఒక వీడియో చూపించారు. ఫ్రెంచ్ దంపతులు మారిస్, కాతియా క్రాఫ్ట్ తీసిన బొమ్మలు అవి. వేడి బూడిద మేఘం కొండ మీద నుంచి దొర్లి వస్తే ఎలా ఉంటుందో, లహార్ వంతెనను ఎలా లాగేస్తుందో అందులో ఉంది. చూసినవాళ్లు లోకం తెలిసిన అధికారులే, కానీ అప్పటిదాకా అలాంటిది కంటితో చూడలేదు. ఆ వీడియో పని చేస్తున్న రోజుల్లోనే, జూన్ 3న, జపాన్‌లో ఉంజెన్ అగ్నిపర్వతం దగ్గర సరిగ్గా అలాంటి మేఘమే క్రాఫ్ట్ దంపతులను, హ్యారీ గ్లికెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తను, మరో 40 మందిని మింగేసింది. జూన్ 15న పినటూబో పేలింది, ఆ శతాబ్దంలో రెండో అతి పెద్ద పేలుడు అది. అంతకు ముందే వేలకు వేల మందిని దాటించారు. కొన్ని వందల మంది చనిపోయారు, ఎక్కువమంది తుఫాను వానకు తడిసి బరువెక్కిన బూడిద కింద కప్పులు కూలి. హెచ్చరిక లేకుంటే కనీసం 5,000 మంది పోయేవారని అంచనా. కప్పు మీది బూడిద దులపమని ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది. తర్వాతి హెచ్చరికల్లో ఆ మాట చేరింది.

మన దేశంలో బతికున్న అగ్నిపర్వతం అండమాన్‌లోని బ్యారెన్ ద్వీపం ఒక్కటే. ఒకటిన్నర శతాబ్దాలు నిద్రపోయి 1991లో లేచింది, అప్పటినుంచి అప్పుడప్పుడు లావా కక్కుతోంది. జనం లేని దీవి కాబట్టి ఎవరినీ ఖాళీ చేయించాల్సిన పని లేదు. కానీ బూడిదకు సరిహద్దుల్లేవు. 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా పేలితే, ఆ బూడిద కర్నూలు సీమలో జుర్రేరు వాగు పక్కన జ్వాలాపురంలో ఇప్పటికీ తెల్లగా పొర కట్టి ఉంది. 2025 నవంబరు 23న ఇథియోపియాలోని హైలీ గుబ్బి పేలింది. బూడిద దాదాపు 14 కిలోమీటర్ల ఎత్తుకు లేచి, ఎర్రసముద్రం, అరేబియా దాటి, మర్నాడు రాజస్థాన్, ఢిల్లీ మీదికి వచ్చింది. విమానాలు రద్దయ్యాయి. వేడి ఇంజన్లో గాజులాంటి ఆ బూడిద కరిగి పట్టుకుపోతుంది కాబట్టి పైలట్లకు అది నిజమైన ప్రమాదం. కింద ఊపిరి పీల్చే మనిషికి కాదు. వాతావరణ శాఖ ఆ రెండు మాటలూ విడివిడిగా చెప్పింది, ఎప్పటికి దాటిపోతుందో గంటతో సహా. మంచి హెచ్చరిక అలాగే ఉండాలి.

రాయ్‌పూర్ మనిషికి బూడిద అంటే మాత్రం ఇథియోపియా గుర్తుకు రాదు. సిల్తారా, ఉర్లా ఫ్యాక్టరీల నుంచి మేడ మీద పడే నల్ల ధూళి, కోర్బా విద్యుత్ కేంద్రాల పక్కన అక్కడివాళ్లు రాఖడ్ అనే బూడిద చెరువులు గుర్తొస్తాయి. రోజూ పడే బూడిద గురించి ఎవరూ 5 మెట్ల హెచ్చరిక పెట్టలేదు.

మైన్‌పూర్‌లో మిగిలిన ప్రమాదం కూడా అగ్నిపర్వతానిది కాదు. ఆ గొట్టాలు చల్లారి కోట్ల ఏళ్లైంది, మళ్లీ లేవవు. కింబర్లైట్ పైభాగం గాలికీ వానకూ కుళ్లి మెత్తని బంకమట్టి అవుతుంది. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, జారుతుంది. చేతితో తవ్విన నిలువు గుంత గోడ ఎండలో రాయిలా నిలబడుతుంది, రెండు వానలకు దిగబడిపోతుంది. అందులో దిగే మనిషికి 6.5 కోట్లా 49 కోట్లా అన్నది అక్కర్లేదు. వాన పడ్డ వారం గుంతలోకి దిగొద్దు, పక్కగా సొరంగం తవ్వొద్దు, ఒంటరిగా వెళ్లొద్దు. ఛత్తీస్‌గఢీలో నాలుగు వాక్యాలు చాలు. చిక్కేమిటంటే తవ్వకమే నేరం కాబట్టి, జాగ్రత్తగా తవ్వుకోమని ప్రభుత్వం గోడల మీద రాయలేదు.